సమాధుల తోటకి కాగితం, పెన్సిలూ

కూర్చోండి. ఇవాళ్టి కబుర్లు కాస్త వేళకాని కబుర్లు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు వింటే "దీపాలు పెట్టే వేళ ఆ మాటలేమిటి, ఇంకేం దొరకలేదా?" అంటారు. వాళ్ళనడంలో తప్పేం లేదు. మనలో చాలామందికి శ్మశానమంటే నలుగురితో కలిసి వెళ్ళి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసి, తలమీద నీళ్ళు పోసుకుని మర్చిపోవలసిన చోటు. పనిగట్టుకుని వెళ్ళి, ఒక్కో రాయి ముందూ గొంతుక్కూర్చుని, దానిమీద ఏం రాసి ఉందో కాగితం మీదకి ఎక్కించుకునేవాడు కనబడితే ఊళ్ళోవాళ్ళు ముందు జాలిపడతారు. కాసేపాగి, లంకెబిందెల కోసం వచ్చాడేమోనని అనుమానపడతారు. ఆ రెండు చూపులూ నాకు బాగా అలవాటే.

బందరుతో మొదలుపెడదాం. బందరు వెళ్ళినవాళ్ళు లడ్డూ కొనుక్కుంటారు, హల్వా కొనుక్కుంటారు, చిలకలపూడి పాండురంగడికి దణ్ణం పెట్టుకుంటారు, మంగినపూడిలో కాళ్ళు తడుపుకుని బస్సెక్కేస్తారు. అదే ఊళ్ళో పదిహేడో శతాబ్దం నాటి డచ్చివాళ్ళ సమాధులున్నాయనీ, వాటిని కేంద్ర పురావస్తు శాఖ తన జాబితాలో చేర్చుకుందనీ చెబితే "మా ఊళ్ళోనా?" అని బందరువాళ్ళే కొందరు బుగ్గలు నొక్కుకుంటారు. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ వ్యాపారానికి దిగారు. తర్వాత ఫ్రెంచివాళ్ళొచ్చారు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అని ముగ్గురూ ఊళ్ళో తలో పేటా మిగిల్చిపోయారు. కలంకారీ గుడ్డలు కొని ఓడలకెక్కించి నాలుగు డబ్బులు వెనకేసుకుందామనే అంతా వచ్చింది. కొందరు వెనకేసుకున్నారు. చాలామంది జ్వరమొచ్చో, విరేచనాలు పట్టుకునో ఇక్కడే పోయారు. ఈ దేశంలో తెల్లవాడి ఆయుష్షు రెండు వానాకాలాలని ఆ రోజుల్లో వాళ్ళలో వాళ్ళే చెప్పుకునేవారు.

బందరు డచ్చి సమాధుల తోటలో ఒక్క బండ దగ్గర కూర్చుని చూడండి, చాలు. నల్లటి గట్టి రాయి. మనం చూసే శాసనాల్లో అక్షరాన్ని రాతిలోకి తవ్వుతారు కదా, ఇక్కడ అలా కాదు. అక్షరం చుట్టూ ఉన్న రాతినంతా తొలిచేసి, అక్షరాన్ని పైకి తేల్చారు. వేలితో తడిమితే ఉబ్బెత్తుగా తగులుతుంది. పైన వంశ చిహ్నం, డాలూ, శిరస్త్రాణమూ, దానికి రెండు వైపులా ఆకులు విచ్చుకున్నట్టు అలంకారం. అంచు చుట్టూ పూలతీగ, అచ్చం బందరు దుప్పటి అంచులా. భాష డచ్చిది, ఉలి మాత్రం మనవాళ్ళదేనని నా నమ్మకం. ఆ భాషలో ఒక్క ముక్క రాని కాసెపనివాడు, ఎవరో కాగితం మీద గీసిచ్చిన అక్షరాన్ని బొమ్మగా చూసి ఎంత ఓర్పుగా తొలిచాడో ఊహించుకోండి. మధ్యలో ఒక అక్షరం పెచ్చు లేచిందా, బండ మొత్తం పాడైనట్టే. బండ కింద పడుకున్నవాడి పేరూ హోదా మనకి తెలుసు. చెక్కినవాడి పేరు తెలియదు. నా మటుకు నేను అక్కడికెళ్తే ఆ రెండోవాడి కోసమే ఎక్కువసేపు కూర్చుంటాను.

ఇక్కణ్ణుంచి దక్షిణంగా పోతే ప్రళయకావేరి సరస్సు, దాని చివర తమిళనాడు వైపున పులికాట్. అక్కడి డచ్చి సమాధుల తోట గుమ్మానికి అటొకటి ఇటొకటి అస్థిపంజరాలు చెక్కి నిలబెట్టారు. పిల్లల్ని తీసుకెళ్తే మహా సరదా పడతారు. పెద్దవాళ్ళే కాస్త జంకుతారు. ఉత్తరంగా పోతే భీమిలి. అక్కడా డచ్చివాళ్ళ సమాధులున్నాయి, కోసుగా పైకి లేచిన స్తంభాలతో. కాకపోతే భీమిలిలో సముద్రం మరీ పక్కనే. ఉప్పుగాలి ఇటుకని పిండి చేసేస్తుంది.

ఇంతకీ ఇవన్నీ మనకెలా తెలిశాయంటే, ఎవరో ఎప్పుడో ఎండలో నిలబడి రాసుకోబట్టి. మద్రాసు పురావస్తు శాఖలో పనిచేసిన అలెగ్జాండర్ రీ 1897లో, మద్రాసు రాజధానిలో డచ్చి కంపెనీ మిగిల్చిన కట్టడాల మీద ఒక పుస్తకం తెచ్చాడు. సమాధి బండల బొమ్మలతో సహా. తర్వాత 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ అనే ఐసీఎస్ అధికారి మద్రాసు రాజధాని మొత్తానికి సమాధి శాసనాల జాబితా అచ్చు వేయించాడు. జిల్లా తర్వాత జిల్లా, ఊరు తర్వాత ఊరు. మన గోదావరి, కృష్ణా, కడప, కర్నూలు అన్నీ ఉన్నాయందులో. నైజాం వైపు ఆ పని క్రాఫ్టన్ అనే ఆయన చేశాడు. ఆ పుస్తకం 1941 నాటిది.

కాటన్ జాబితా చదవడం ఒక వ్యసనం, ముందే చెబుతున్నాను. రాయి మీద ఉన్నది ఉన్నట్టు దించడం, కింద ఆ మనిషెవరో నాలుగు ముక్కలు రాయడం, అంతే ఆయన పద్ధతి. ఆ నాలుగు ముక్కల్లోనే ఒకడు యుద్ధంలో పోతాడు, ఒకడు వేటకెళ్ళి పోతాడు, ఒకావిడ పురుడు పోసుకోలేక పోతుంది. పక్కనే ఆవిడ పసిబిడ్డ. దాదాపు నూట ఇరవై ఏళ్ళ కిందటి ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకుని ఇవాళ తోటలోకి వెళ్తే, పుస్తకంలో ఉండి నేలమీద లేని రాళ్ళు బోలెడు కనబడతాయి. కనబడతాయనడమేమిటి లెండి, కనబడవు. అందుకే నేను పదిమందితోనూ గొడవపడి మరీ చెప్పేదొకటే మాట. మరమ్మతు తర్వాత, ముందు రాసుకోండి. పాడైన గోడని డబ్బు పోస్తే మళ్ళీ కట్టొచ్చు. చెరిగిపోయిన పేరుని ఎక్కణ్ణుంచి తెస్తాం?

పేరు నిలబడటానికి సమాధిలో మనిషి ఉండాలని కూడా లేదు. దీనికి గుత్తి చక్కటి సాక్ష్యం. దత్తమండలాల్లో రైతువారీ పద్ధతి నాటిన సర్ థామస్ మన్రో మద్రాసు గవర్నరయ్యి, ఇంగ్లండు తిరిగి వెళ్ళిపోయే ముందు తన పాత జిల్లాలు ఒక్కసారి చూసి వస్తానని బయల్దేరాడు. పత్తికొండ దగ్గర కలరా తగిలింది. 1827 జులై 6న పోయాడు. గుత్తి కోట కింద దొరల సమాధుల తోటలో పూడ్చారు. నాలుగేళ్ళ తర్వాత 1831లో అస్థికలు మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. అంటే గుత్తిలో ఉన్నది ఖాళీ చోటు. అయినా ఆ చోటు మన్రోదే. పత్తికొండలో ఆయన పేరిట తోపు పెంచారు, బావి తవ్వించారు. గుత్తిలో సత్రం కట్టించారు. అన్నిటికీ మించి, సీమలో కొందరు తల్లిదండ్రులు పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. గవర్నర్లు ఎందరో వచ్చారు పోయారు, మిగతావాళ్ళ పేర్లు ఎవరు పెట్టుకున్నారు చెప్పండి? (దొర అంత మంచివాడా అంటే అది వేరే పంచాయితీ. రైతువారీ శిస్తు ఎంత బరువుగా పడిందో చరిత్రకారుల్ని అడగండి, ఒక పూట పడుతుంది.)

హైదరాబాదులో ఇంకో చిత్రం. ఫ్రెంచివాడు రేమండ్, రెండో నిజాం కొలువులో సైన్యాధిపతి, 1798 మార్చి 25న పోయాడు. మలక్‌పేట పక్కన ఆస్మాన్‌గఢ్ గుట్టమీద నల్లరాతి స్తంభం, దానిమీద జేఆర్ అనే రెండక్షరాలు. అంతే. పొగడ్తలూ లేవు, పద్యాలూ లేవు. హిందువులకి మూసారాముడయ్యాడు, ముస్లిములకి మూసా రహీమయ్యాడు. మూసారాంబాగ్ అన్న పేరు ఆయన చలవే. ఆయన పోయిన రోజున ఊదొత్తులు వెలిగించే ఆనవాయితీ నడిచింది. రాయి మీద రాసినదానికన్నా చుట్టుపక్కల ఇళ్ళలో చెప్పుకున్నదే ఆయన్ని కాపాడిందని నాకనిపిస్తుంది.

ఈ చుట్టుపక్కల ఇళ్ళ సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. కోస్తాలో ఒక చిన్న ఊరు. సమాధుల తోట ప్రహరీ సగం కూలిపోయింది. మిగిలిన సగం మీద ఒక ముసలమ్మ పిడకలు కొడుతోంది. నేను లోపల బండ దగ్గర కూర్చుని రాసుకుంటుంటే కాసేపు చూసి, ఉండబట్టలేక అడిగింది.

"ఏం రాత్తన్నావు బాబూ?"

"పేర్లు రాసుకుంటున్నానమ్మా."

"సచ్చిపోయినోళ్ళ పేర్లా? ఎందుకు, ఆళ్ళ సేత కూడా ఓట్లేయిత్తారా?"

నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వింది. నవ్వాక మాట కలిసింది. ఆ మూల జిల్లేడు చెట్టు కింద చిన్న దిమ్మ ఉంది కదా, అది దొరసాని బిడ్డదని చెప్పింది. "మా అత్త ఉన్నన్నాళ్ళూ దానికాడ దీపం ఎట్టేది. పసిగుడ్డు కదా, సీకట్లో భయపడద్దని." ఆ దిమ్మ మీద రాయి లేదు, పేరు లేదు. దొరసాని బిడ్డో కాదో రుజువూ లేదు. కానీ నా కాగితంలో "పేరు లేని చిన్న దిమ్మ" అన్నచోట ఇంకో వాక్యం చేరింది, ఎవరు చెప్పారో, ఏ రోజున చెప్పారో సహా. జాబితా రాసేవాళ్ళు చాలామంది రాళ్ళని చదివి వెళ్ళిపోతారు. గోడ అవతల ఉన్నవాళ్ళని పలకరించరు. సగం సరుకు అక్కడే ఉంటుంది మరి.

సరే, మీకూ ఆసక్తి పుట్టిందనుకుందాం. ఎలా మొదలుపెట్టాలి? వానాకాలంలో మాత్రం వెళ్ళకండి. నడుం లోతు గడ్డి, అందులో ఏముంటుందో మీకు చెప్పక్కర్లేదు. సంక్రాంతి దాటాక గడ్డి ఎండిపోయి నేల కనబడుతుంది. అప్పుడు మంచిది. పూర్తి చేతుల చొక్కా, బూట్లు, ఒక కర్ర. సర్కారు తుమ్మ ముల్లు చెప్పుని దాటుకుని పాదంలో దిగుతుంది, జాగ్రత్త. వెళ్ళేముందు చర్చి పాస్టరుగారితోనో, తోట ఎవరి అధీనంలో ఉందో వాళ్ళతోనో ఒక మాట చెప్పి అనుమతి తీసుకోండి. చెప్పకుండా వెళ్తే ఆ లంకెబిందెల అనుమానం నిజమైపోతుంది.

లోపలికెళ్ళాక ముందు చేతి పటం గీసుకోవాలి. ఫోనులో జీపీఎస్ ఉంది కదా అంటారు కుర్రాళ్ళు. ఉంది. ఆరుబయట కూడా అది ఓ అయిదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. అయిదు మీటర్లలో నాలుగు సమాధులుంటాయి నాయనా. కాబట్టి గేటు నుంచో, గోడ మూల నుంచో టేపు పట్టి కొలవడమే మేలు. ప్రతి సమాధికీ ఒక నంబరు. ఆ నంబరు పటంలోనూ కాగితంలోనూ ఉండాలి గానీ రాయి మీద ఉండకూడదు. ఎర్ర రంగుతో అంకెలు వేసి పోయిన మహానుభావుల్ని చూశాను. వాళ్ళ సర్వే పోయింది, అంకెలు మిగిలాయి.

ఇక రాయి చదవడం. మిట్టమధ్యాహ్నం ఏ రాయీ చదవబడదు. వెలుతురు నిటారుగా పడి అక్షరాలన్నీ చదునైపోతాయి. పొద్దున్నే ఏటవాలు ఎండలో వెళ్తే, నిన్న కనబడని పేరు ఇవాళ లేచి కూర్చుంటుంది. ఎండ రాని వైపున్న రాయికి చిన్న చిట్కా ఉంది. ఒక అద్దం, గడ్డం గీసుకునేదైనా సరే, కాస్త దూరంగా ఎండలో పట్టుకుని వెలుగుని పక్కనించి బండ మీదకి మళ్ళించండి. ఒకరు అద్దం పట్టాలి, ఒకరు చదవాలి. అద్దం కొంచెం కొంచెంగా తిప్పుతుంటే ఒక గీత నీడ కడుతుంది, ఇంకో గీత దానికి తోడొస్తుంది, ఉన్నట్టుండి అది "ఏడు" అంకె అని తెలుస్తుంది. దాన్ని ఇంతసేపూ "ఒకటి" అనుకుంటున్నాం. పదిహేడేళ్ళవాడు కాస్తా పదకొండేళ్ళవాడైపోయేవాడు. ఆ క్షణంలో ఫొటో తీసెయ్యాలి, లేకపోతే ఎండ మారిపోతుంది.

రాసేటప్పుడు రాయి మీద ఎలా ఉంటే అలాగే. చెక్కినవాడు స్పెల్లింగు తప్పు చేస్తే మీరూ ఆ తప్పే రాయాలి. దిద్దే హక్కు మనకి లేదు. పంక్తి ఎక్కడ తెగిందో అక్కడ ఒక గీత. కనబడనిచోట చుక్కలు. ఊహించి నింపకండి. "బహుశా జాన్ అయ్యుంటుంది" అని ఒకడు రాస్తే, రెండోవాడి కాగితంలో "బహుశా" ఎగిరిపోతుంది, మూడోవాడి నాటికి జాన్ గారికి పెళ్ళాం పిల్లలు కూడా వచ్చేస్తారు. ఒకరు చదివింది ఇంకొకరు మళ్ళీ సరిచూడాలి. రాయి ఏ రకం, పగుళ్ళున్నాయా, చెట్టు మొలిచిందా, ఏ తేదీన చూశారు, ఇవి నాలుగు మాటల్లో చాలు.

అక్షరాలు బాగా కనబడాలని సుద్దముక్కతో రుద్దేవాళ్ళున్నారు. షేవింగు నురగ పూసేవాళ్ళున్నారట. ఇనప బ్రష్షుతో గోకేవాళ్ళు, యాసిడ్ పోసేవాళ్ళు ఇంకో రకం. దయచేసి వద్దు. నీళ్ళూ, మెత్తటి కుంచె బ్రష్షూ, బోలెడు ఓపికా, అంతే. పెచ్చులు లేస్తున్న రాయికైతే నీళ్ళు కూడా వద్దు.

మరమ్మతు పేరుతో జరిగే ఘోరాలు చెప్పాలంటే ఈ రాత్రి చాలదు. ఒక్క సిమెంటు గురించి మాత్రం చెప్పి ఊరుకుంటాను. ఈ పాత సమాధులన్నీ ఇటుకా, గానుగ సున్నంతో కట్టినవి. సున్నం గాలి పీల్చుకుంటుంది. ఇటుకలోకి దిగిన తేమ దాని గుండా బయటికి పోతుంది. దానిమీద సిమెంటు పట్టించారనుకోండి, చూడ్డానికి గట్టిగా, నున్నగా, ప్రారంభోత్సవం ఫొటోకి బ్రహ్మాండంగా ఉంటుంది. లోపల తేమ పోవడానికి దారుండదు. ఉప్పు పొంగుతుంది, ఇటుక పిండవుతుంది, కొన్నేళ్ళకి సిమెంటు పొర పెంకులాగ ఊడొస్తూ తనతో పాటు పాత గోడనీ లాక్కొస్తుంది. రావి మొక్క సంగతీ అంతే. భక్తితో వదిలేసేవాళ్ళు కొందరు, ఆవేశంతో పీకేసేవాళ్ళు కొందరు. పీకితే వేరుతో పాటు సగం గోడ వస్తుంది. మొదట్లో కోసి, మళ్ళీ చిగురు వేసినప్పుడల్లా కోసి, వేరుని చంపాలి. పని తెలిసిన తాపీమేస్త్రీ లేకపోతే ఏమీ చెయ్యకుండా ఉండటం ఉత్తమం. ఏమీ చెయ్యకపోవడం కూడా ఒక పనే అని మన కమిటీలకి ఎవరైనా చెబితే బాగుండు.

ఈ పని మీదే బతికే సంఘాలు లేకపోలేదు. దక్షిణాసియాలోని ఐరోపావాళ్ళ సమాధుల కోసం 1976లో లండన్‌లో ఒక సంఘం పెట్టారు, బాక్సా అంటారు. వాళ్ళ పత్రిక పేరు "చౌకీదార్". పేరు చూడగానే నాకు వాళ్ళమీద ఇష్టం పుట్టింది. కుటుంబ చరిత్రలు వెతుక్కునేవాళ్ళకి బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు రాజధాని చర్చిల బాప్తిస్మం, పెళ్ళి, ఖననం పట్టీలున్నాయి. రాయి పోయినా పట్టీలో వరస మిగులుతుంది.

ఇంగ్లీషువాళ్ళ ఊళ్ళో ఈ పట్టీల క్రమశిక్షణ ఎలాంటిదంటే, మన బ్రౌన్ దొర సంగతే చూడండి. తాటాకులు వెతికించి, జీతాలిచ్చి ప్రతులు రాయించి, వేమన్నని అచ్చుకెక్కించిన సి.పి. బ్రౌన్ 1884 డిసెంబరు 12న లండన్‌లో పోయాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో పూడ్చారు. 1833 నుంచీ నడుస్తున్న మహా శ్మశానమది, వేలకు వేల సమాధులు. అందులో ఒక తెలుగువాడు ఒక సమాధిని వెతుక్కోగలుగుతున్నాడంటే ఖననాల రిజిస్టరు ఉండబట్టే. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఇంకో కాటన్ దొర 1899లో పోతే సర్రే జిల్లా డోర్కింగ్ శ్మశానంలో ఉన్నాడు. గోదావరివాళ్ళు ఇప్పటికీ వెళ్ళి పూలు పెట్టి వస్తారు. మనం ఎక్కడో ఉన్న దొర సమాధికి దారి కనుక్కోగలం. మరి మన ముత్తాతని ఎక్కడ పూడ్చారో, ఎక్కడ కాల్చారో చెప్పగలమా?

ఇక్కడికొచ్చాక నాకూ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. దొరల సమాధుల గురించే ఇంతసేపు మాట్లాడాను, ఎందుకంటే రాసినవాళ్ళు వాటి గురించే రాశారు. 1864 నవంబరు 1న బందరు మీద పెద్ద ఉప్పెన వచ్చింది. సముద్రం ఊళ్ళోకి వచ్చి దాదాపు 30,000 మందిని మింగింది. ఆ ముప్ఫైవేల మందిలో పేరుతో రాయి నిలిచింది ఎందరికి? పేరు చెక్కించడానికి డబ్బు కావాలి, చోటు కావాలి, వెనక మిగిలినవాళ్ళు కావాలి. మన ఊళ్ళలో దళితుల శ్మశానాలు, జంగాల సమాధులు, పాత ఖబరస్తాన్లు, చెరువు గట్టు మీద వీరగల్లులు, పొలాల మధ్య రాకాసి గుళ్ళు అని పిలిచే ఇనప యుగపు రాతి సమాధులు, వీటికి రీ లేడు, జాబితా రాసిన కాటన్ లేడు. రాకాసి గుళ్ళని ట్రాక్టరు కింద నలగ్గొట్టి గట్టుకి రాళ్ళు వేసుకున్నవాళ్ళు తప్పు చేస్తున్నామని కూడా అనుకోలేదు. రాయి లేనిచోట రాసుకోవలసింది మనుషులు చెప్పే మాట. అది రాయికన్నా త్వరగా పోతుంది. ఆ పిడకల ముసలమ్మ అత్తగారు ఎప్పుడో పోయింది. దీపం కథ తెలిసింది ఇప్పుడు ఆవిడ ఒక్కతికే.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడమైతే 1958 చట్టం, దానికి 2010లో చేసిన సవరణ ప్రకారం చుట్టూ వంద మీటర్ల వరకూ కొత్త కట్టడం కట్టకూడదు, ఆపైన రెండు వందల మీటర్లు అనుమతితోనే. కానీ జాబితాలో ఉన్నవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మిగతావాటికి దిక్కు రెవెన్యూ కాగితమే. ఆంధ్రలో అయితే అడంగలూ, ఎఫ్ఎంబీ పటమూ, తెలంగాణలో పహాణీ, టిప్పనూ తీసి చూడండి. "శ్మశానం పోరంబోకు" అని సర్వే నంబరుతో ఉంటే గోడ కూలినా మీ చేతిలో బలం ఉన్నట్టే. సమాధుల్ని అపవిత్రం చేయడం పాత శిక్షాస్మృతి 297వ సెక్షను కిందా నేరమే, కొత్త న్యాయ సంహిత 301 కిందా నేరమే. అయితే ఈ సెక్షన్లు ఆక్రమణదారుడికన్నా ముందు మనకి తెలియాలి. పక్క స్థలం ధర పెరుగుతోందంటే సమాధుల తోట గోడ ఏటా జానెడు లోపలికి జరుగుతుంది. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, కళ్ళతో చూసిందే. మీరు గీసిన చేతి పటంలో టేపు కొలతలు ఉన్నాయనుకోండి, ఆ జానెడు పట్టుబడుతుంది.

ఏటా నవంబరు 2న వస్తుంది, సమాధుల పండుగ. ఊరూరా సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు పెడతారు. చూడ్డానికి అంత బాగుండే సాయంత్రం ఏడాదిలో ఇంకోటి ఉండదు. ఒక్క మనవి. సున్నం బ్రష్షు ముంచే ముందు రాయి మీద అక్షరాలు ఫొటో తీసుకోండి, పేరూ తేదీలూ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఏటేటా పడే సున్నం పొరలు పల్లపు అక్షరాల్ని పూడ్చేస్తాయి, అందుకని అక్షరాలున్న పలక వదిలేసి చుట్టూ మాత్రమే వేయమనండి. పక్క సమాధికి ఎవరూ రాకపోతే దానిదీ రాయండి. జిరాక్సు తీయించి ఒక ప్రతి పాస్టరుగారికి, ఒకటి ఊరి లైబ్రరీకి ఇవ్వండి. మూడోది మీ దగ్గరుంచుకోండి, ఎందుకంటే మొదటి రెండూ పోతాయి.